చిన్న ఒంటికే చోటిచ్చే సీమ

కంచి వెళ్ళినవాళ్ళు వరదరాజస్వామి గుడిలో వరుసలో నిలబడి, పైన అమర్చిన బంగారు బల్లినీ వెండి బల్లినీ తాకి కళ్ళకద్దుకుంటారు. ఒంటిమీద బల్లి పడిన దోషం పోతుందని నమ్మకం. కంచి దాకా పోలేనివాళ్ళు, పోయొచ్చినవాళ్ళను తాకి ఆ పుణ్యంలో వాటా తీసుకుంటారు. ఆ గుడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, రోజూ వేలమంది గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కే తిరుమల కొండమీద, ప్రాణమున్న బంగారు బల్లి ఒకటి రాతి సందుల్లో కాపురముంటోంది. శిలాతోరణం, చక్రతీర్థం వైపు వెళ్ళి ఫొటోలు దిగేవాళ్ళలో దాన్ని చూసినవాళ్ళు బహు తక్కువ. అది పగలు బయటికి రాదు, మనం రాత్రి అక్కడ ఉండం.

ఈ కథనం ఆ బల్లితో మొదలుపెట్టడానికి కారణముంది. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా కుప్పం దాకా పరుచుకున్న ఈ దక్షిణ సీమ పచ్చగా కనిపించే రోజులు ఏడాదిలో కొన్నే. వానపడితే తలకోనలో నీళ్ళు ఉరుకుతాయి, పిల్లవాగులు కూడా రోడ్డెక్కుతాయి. మాఘం వెళ్ళేసరికి ఆ నీళ్ళన్నీ రాతి నెర్రెల్లోకి, చెరువు గుంతల్లోకి దాక్కుంటాయి. రెండు వానల మధ్య గడ్డుకాలాన్ని ఎంత తక్కువతో గడిపేస్తే ఆ ప్రాణికి అంత భద్రత. ఇక్కడి జంతువుల ఒంటి తీరూ నడవడీ దగ్గరగా చూస్తే ఈ లెక్కే కనిపిస్తుంది. చిన్న ఒళ్ళు, తక్కువ తిండి, ఇరుకు చోటు, రాత్రి సంచారం. ఈ లెక్కకు లొంగని జంతువు ఒకే ఒక్కటి. అది నలభై ఏళ్ళ కిందట పొరుగు రాష్ట్రాల నుంచి నడిచొచ్చింది. దాని సంగతి చివర చెప్పుకుందాం.

రాతి నెర్రెలో బంగారం

బంగారు బల్లిని శాస్త్రలోకానికి మొదట చూపించినవాడు మద్రాసు అటవీశాఖలో పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. 1870లో దాన్ని వర్ణిస్తూ, దొరికిన చోటుగా తిరుపతి కొండల పేరే రాశాడు. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా దాని ఊసు లేదు. 1980ల మధ్యలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన జె.సి.డేనియల్, భరత్ భూషణ్ తదితరులు తూర్పు కనుమల్లో దీన్ని మళ్ళీ కనిపెట్టి, 1986లో ఆ సంగతి ప్రకటించారు. సరిగ్గా అదే ఏడాది, పక్కనున్న కడప జిల్లా లంకమల అంచుల్లో, ఎనభై ఏళ్ళకు పైగా జాడలేని కలివికోడి అనే పిట్ట కూడా ఆ సొసైటీ వాళ్ళకే మళ్ళీ దొరికింది. కలివికోడికి పేరొచ్చింది, అభయారణ్యం వచ్చింది, దానికోసం తెలుగుగంగ కాలువే దారి మార్చుకుంది. బల్లికి అంత హోదా పట్టలేదు. కొండమీద ఎప్పుడైనా కనిపిస్తే పేపర్లో ఓ ఫొటో, అంతే.

తోకతో కలిపి జానెడు ఉంటుందేమో. ఏడాది పొడుగునా బంగారంలా మెరుస్తుందని అనుకోకండి. ఆడవీ పిల్లలూ రాతిరంగులో, గోధుమ వన్నెలో కలిసిపోతాయి. జతకట్టే కాలంలో ఎదిగిన మగదాని ఒంటికి మాత్రం పసుపు పూసినట్టు నిండు బంగారు వన్నె వస్తుంది. చీకట్లో తిరిగే జంతువుకు రంగెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో హెల్మెట్ గెకో అనే మరో జాతి రాత్రిబల్లి మీద ప్రయోగాలు చేసి, మనకు అన్నీ బూడిదరంగులో కనిపించే మసక వెన్నెల్లో కూడా అది రంగులు పోల్చుకోగలదని తేల్చారు. మనిషి కన్ను రంగును పట్టుకోలేక చేతులెత్తేసే వెలుగులో దాని కన్ను మూడొందల యాభై రెట్లు చురుగ్గా ఉంటుందని లెక్కగట్టారు. మన కొండబల్లి కూడా ఆ వంశానికి దగ్గరిదే కాబట్టి, ఆ పసుపు మనకోసం కాదనీ, నెర్రె అవతల కూర్చున్న ఆడబల్లి కోసమేననీ అనుకోవడానికి వీలుంది.

ఇక దాని కాలివేళ్ళు. ప్రతి వేలి చివరా జతగా వెడల్పాటి మెత్తలుంటాయి. మన ఇంటి ట్యూబులైటు దగ్గర పురుగుల కోసం కాచుకునే బల్లికీ ఇలాంటి ఏర్పాటే ఉంది గానీ, నిలువు రాతిని పట్టుకుని బతికే దీనికి అది మరింత వెడల్పు. చాలాకాలం బల్లి కాలికింద జిగురుంటుందనీ, గాలిని పీల్చేసే గిన్నెలుంటాయనీ అనుకునేవారు. కెల్లార్ ఆటమ్ బృందం 2000, 2002 సంవత్సరాల్లో టోకే గెకో అనే బల్లి మీద చేసిన పరిశోధనలతో ఆ మాటలకు తెరపడింది. దాని ఒక్కో పాదం కింద లక్షల్లో సూక్ష్మమైన రోమాలు, ప్రతి రోమం కొసనా మళ్ళీ వందల చీలికలు. అవి రాతిని ఎంత దగ్గరగా తాకుతాయంటే, అణువుకూ అణువుకూ మధ్య సహజంగా ఉండే బలహీనమైన ఆకర్షణే కోట్ల చోట్ల కలిసి ఒంటి బరువును మోసేస్తుంది. జిగురూ లేదు, తడీ లేదు. ఊడి రావడానికీ ఒక ఒడుపుంది. గోడకంటించిన స్టిక్కర్ను అంచు నుంచి లేపినట్టు, బల్లి వేలి కొసను పైకి మడుస్తుంది. ఒక కోణం దాటగానే పట్టు దానంతటదే వదిలేస్తుంది. పరుగెత్తే బల్లి ఈ అంటుకోవడం, ఊడటం సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది.

గుడ్లు పెట్టే తీరు ఇంకా వింత. ఆడబల్లి సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. పెట్టినప్పుడు మెత్తగా, బంకగా ఉండి రాతికి అతుక్కుంటాయి, గాలి తగిలి గట్టిపడతాయి. ఒక్కో బల్లి ఒక్కో మూల వెతుక్కోదు. ఎన్నో ఆడబల్లులు ఒకే గోడకు, ఒకే పైకప్పుకు గుడ్లు అంటిస్తాయి. పిల్లలు వెళ్ళిపోయాక మిగిలిన పెంకుల తెల్లటి మచ్చలు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి, వాటి పక్కనే మళ్ళీ కొత్తవి. కారణం ఊహించడం కష్టం కాదు. ఈ కొండల్లో ఎండకు ఎండకుండా, వాననీటికి కొట్టుకుపోకుండా, పాము చేరకుండా ఉండే రాతి చూరు ఎక్కడబడితే అక్కడ దొరకదు. దొరికినదాన్ని అందరూ పంచుకుంటారు. తిరుమల కొండకు మీదనున్న క్వార్ట్‌జైట్ రాయి నిలువుగా అడ్డంగా పగుళ్ళిచ్చే రకం. ఆ పగుళ్ళలోకి ఇంకిన వాననీరే తీర్థాలుగా, జాలుగా బయటికొస్తుంది. చీలిన రాయి, తేమ, చీకటి ఈ మూడూ కలిసినచోటే బంగారు బల్లి.

దీనికి అసలు సిసలు దాయాది ప్రపంచం మొత్తంలో ఒక్కటే ఉంది. అదెక్కడో కాదు, శ్రీలంక రాతి గుహల్లో. 1953లో దానికి పేరు పెట్టారు. మధ్యలో ఇంత సముద్రం, ఇంత తమిళనాడు ఉన్నా ఈ రెండూ ఒకే కుదురువి. లంకకూ మనకూ మధ్య నేలదారి ఉన్న కాలాలను ఇలాంటి చిన్న ప్రాణులే గుర్తుపెట్టుకున్నాయి.

శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. నాలుగు వేల ఏడొందల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఎర్రచందనం పుణ్యమా అని ఈ అడవి పేరు పోలీసు వార్తల్లో వినిపించినంతగా జంతువుల వార్తల్లో వినిపించదు.

తొందర లేని దేవాంగపిల్లి

ఈ అడవుల్లోనూ, ఇటు పలమనేరు పక్కనున్న కౌండిన్య అడవి వైపు చింతతోపుల్లోనూ తిరిగే దేవాంగపిల్లి పిల్లి కాదు, కోతికి దూరపు చుట్టం. బరువు పావుకిలో అటూ ఇటూ. తోక లేదు. పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, మొహమంతా కళ్ళే. ఆ కళ్ళ వెనక అద్దంలాంటి పొర ఒకటుంది. లోపలికి వచ్చిన వెలుతురును అది రెండోసారి కంటికి తిప్పి పంపుతుంది కాబట్టి, టార్చి వేస్తే చెట్టులో రెండు నిప్పుకణికలు కనిపిస్తాయి. ఆ కళ్ళే దానికి శాపమయ్యాయి. చేతబడి, వశీకరణం అంటూ దాన్ని పట్టి అమ్మేవాళ్ళు దక్షిణాది అంతటా ఉన్నారు. ఇంటికి చేటని కొట్టి చంపేవాళ్ళూ ఉన్నారు. ఎవరి జోలికీ పోని జంతువు మీద ఇంత పగ దేనికో అర్థం కాదు.

దీని బతుకు మొత్తం పొదుపు. అదే సైజు ఇతర జంతువులతో పోలిస్తే దీని ఒంట్లో శక్తి ఖర్చు చాలా తక్కువ. కొమ్మ మీద చేతి తర్వాత చెయ్యి, కాలి తర్వాత కాలు ఆచితూచి వేస్తుంది. ఎగరదు, దూకదు. గంటల తరబడి ఒకే కొమ్మను గట్టిగా పట్టుకుని ఉన్నా చేతులు తిమ్మిరెక్కవు. కాళ్ళకూ చేతులకూ రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నని పాయలుగా విడిపోయి అల్లుకుని ఉండటమే దీనికి కారణమంటారు. తమిళనాడు దిండిగల్ దగ్గర అయ్యలూరు అడవిలో అన్నా నెకారిస్ 1990ల చివర రాత్రుళ్ళు దీని వెంట తిరిగి చూసినప్పుడు, తిండిలో ఎక్కువ భాగం చీమలూ చెదలూ అని తేలింది. కుట్టే చీమ, కంపుకొట్టే పురుగు, వేరే జంతువులు వదిలేసినవన్నీ దీనికి భోజనం. పోటీ లేని పంక్తిలో కూర్చోవడమన్నమాట. చేతులకూ పాదాలకూ తన మూత్రమే రుద్దుకునే అలవాటొకటి ఉంది. పట్టు జారకుండా ఉండటానికని కొందరు, చీమల కాటు మంటకు మందని కొందరు అంటారు. వాసనతో హద్దులు చెప్పుకోవడానికన్న మాటా ఉంది.

తల్లి ఎక్కువగా కవలల్ని కంటుంది. పిల్లలు కాస్త ఎదిగాక రాత్రి మేతకు వెళ్ళేటప్పుడు వాటిని కొమ్మమీద ఒదిలేసి వెళ్తుంది. అవి కదలకుండా అక్కడే అతుక్కుని ఉంటాయి. ఒక్కోసారి అదే గుంపులోని మగవి వచ్చి పిల్లలతో ఆడి పోతాయి. తెల్లారేసరికి అందరూ ముళ్ళకంప గుబురులో ఒకరినొకరు హత్తుకుని ముద్దగా నిద్రపోతారు. చెట్టు కొమ్మలు ఒకదానికొకటి తగులుతూ ఉంటేనే ఈ దూకలేని జంతువుకు దారి. రోడ్డు వెడల్పు చేయడానికి రెండువైపులా చింతలు కొట్టేస్తే, దేవాంగపిల్లి నేలమీదికి దిగి తారురోడ్డు దాటాల్సిందే. దాని నిదానం నడకకు అది సాధ్యం కాదు.

మూడడుగుల ఆవు

అడవిలోనే కాదు, ఇంటి కొట్టంలో కూడా ఈ నేల చిన్న ఒంటినే ఎంచుకుంది. పుంగనూరు ఆవు ఎత్తు డెబ్బై నుంచి తొంభై సెంటీమీటర్లు. పెద్దమనిషి నడుము దాకా కూడా రాదు. బరువు నూటపదిహేను కిలోల నుంచి రెండొందల దాకా. కేరళ వెచ్చూరు ఆవుతో కలిపి ప్రపంచంలోని అతి పొట్టి పశువుల్లో దీన్ని లెక్కేస్తారు. పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పలమనేరు దీని పుట్టిల్లు. పుంగనూరు జమీందార్లు దీన్ని అపురూపంగా చూసుకున్నారని చెప్తారు గానీ, నన్నడిగితే దీన్ని తయారుచేసింది జమీందారు కాదు, కరువు. కసువు లేని ఏడు పెద్ద ఆవు పడిపోతుంది, చిన్నది నెగ్గుకొస్తుంది. నెగ్గుకొచ్చినదాని దూడ మళ్ళీ చిన్నదే. తరతరాలుగా రైతు కూడా దాన్నే ఉంచుకున్నాడు.

ఇందులో శరీరధర్మం ఒకటుంది. ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ లోపలి కండతో పోలిస్తే పైనున్న చర్మం వాటా పెరుగుతుంది. ఒంట్లో పుట్టిన వేడి ఆ చర్మం ద్వారా తొందరగా బయటికి పోతుంది. మే నెల మధ్యాహ్నం జెర్సీ ఆవు నాలుక వెళ్ళబెట్టి రొప్పుతుంటే, పుంగనూరు ఆవు కానుగచెట్టు కింద నిమ్మళంగా నెమరేస్తుంటుంది. నెమరు వేయడమే ఇంకో బలం. నాలుగు గదుల కడుపులో మొదటి గది పెద్ద పులియబెట్టే తొట్టి. వేరుశనగ కట్టె, రాగి గడ్డి, ఎండిపోయిన చొప్ప, ఏది వేసినా అందులోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి పిండుకుంటాయి. అరగని పీచును మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని రోజుకు ఏడెనిమిది గంటలు నమలడం ఆవుకు ఉద్యోగం. పుంగనూరు ఆవుకు రోజుకు ఐదారు కిలోల మేత చాలంటారు.

పాలు తక్కువే ఇస్తుంది, చిక్కగా ఇస్తుంది. వెన్న శాతం ఎనిమిది దాకా ఉంటుందన్న మాట ఎక్కువగా ఆవును అమ్మేవాళ్ళ నోట వింటాం. అంత ఉన్నా లేకపోయినా, మామూలు ఆవుపాల కంటే చిక్కన అన్నదాంట్లో పేచీ లేదు. అయితే లీటర్లు కొలిచే డెయిరీ కాలంలో చిక్కదనానికి విలువ లేకపోయింది. శ్వేత విప్లవంలో ఊరూరా జెర్సీ, హోల్‌స్టీన్ సూదులు వచ్చాక పొట్టి కోడెను ఎవరూ నిలబెట్టలేదు. జాతి అడుగంటింది. పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో ఉంచుకున్న మంద లేకపోతే ఈపాటికి ఫొటోల్లోనే చూడాల్సి వచ్చేది.

2024 సంక్రాంతికి ప్రధాని మోదీ ఢిల్లీలోని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన వీడియో దేశమంతా చూసింది. అప్పటినుంచి గిరాకీ మాటల్లో చెప్పలేం. లక్షల్లో ధరలు, హైదరాబాద్ ఫ్లాట్లలో పట్టు పరుపుల మీద దూడలు, కుక్కపిల్ల సైజు దాకా ఇంకా ఇంకా చిన్నగా చేయాలన్న పోటీ. ఇది నాకు నచ్చడం లేదు. ఎండకూ కరువుకూ నిలబడి తేలిన పొట్టితనం వేరు, సోఫా పక్కన పట్టేందుకు దగ్గరి చుట్టాలనే జతకట్టించి తెచ్చుకునే పొట్టితనం వేరు. రక్తసంబంధం దగ్గరయ్యేకొద్దీ ఈనడం కష్టమవుతుంది, దూడలు బలహీనమవుతాయి. ఆ సంగతి పశువైద్యం చదివినవాళ్ళందరికీ తెలుసు. నెమరువేసే జంతువుకు మంద కావాలి, ఆరుబయట కావాలి. ఐదో అంతస్తు బాల్కనీ చాలదు.

నడకదారి చిరుత

చిరుత గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చంపిన తర్వాత తిరుపతిలో దాని పేరెత్తని ఇల్లు లేదు. బోనులు పెట్టారు, కెమెరాలు పెట్టారు, నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు. పట్టుబడినవాటిని ఎస్వీ జూపార్కుకు తరలించారు. పెద్ద పిల్లుల్లో తక్కువతో సర్దుకోవడం వచ్చిన జంతువు చిరుతే. పులికి విశాలమైన అడవి, పెద్ద దుప్పులు కావాలి. చిరుత పందికొక్కుతోనూ గడిపేస్తుంది, కణితినీ కొడుతుంది. మహారాష్ట్ర అకోలే ప్రాంతంలో చెరుకు తోటల మధ్య బతికే చిరుతల మీద విద్యా అత్రేయ చేసిన అధ్యయనంలో వాటి తిండిలో పెద్ద వాటా ఊరకుక్కలదే. నడకదారి పక్కన మనం పడేసిన పులిహోర పొట్లాలకు కుక్కలూ అడవిపందులూ చేరతాయి, వాటికోసం చిరుత చేరుతుంది. అది మాటువేసి వేటాడే జంతువు. ఎదురుపడి పోరాడేది కాదు. అందుకే గుంపుగా, మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళ జోలికి రాదు. చీకటిపడే వేళ గుంపుకు ముందో వెనకో పడిన చిన్న ఆకారమే దానికి కంటబడుతుంది. పిల్లల చెయ్యి వదలకండని మైకులో చెప్పేది అందుకే.

లెక్కకు లొంగని అతిథి

మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు దాటితే వాతావరణం చల్లబడుతుంది, మాటలో కన్నడం, తమిళం కలుస్తాయి. 1980ల్లో ఇటువైపు అడవుల్లోకి తమిళనాడు హోసూరు వైపు నుంచీ, కర్ణాటక వైపు నుంచీ ఏనుగులు దిగాయి. అంతకుముందు రెండొందల ఏళ్ళుగా ఈ జిల్లాలో అడవి ఏనుగు లేదు. పొలంలో పడిన అడుగులు చూసి అవేమిటో పోల్చుకోలేని రైతులున్నారంటే ఆశ్చర్యం లేదు, తాతలు కూడా చూసెరుగరు. 1990లో వాటికోసమే కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. 357 చదరపు కిలోమీటర్లు. చెప్పుకోవడానికి బాగానే ఉన్నా, అది సన్నగా పొడుగ్గా సాగిన అడవి. ఎక్కడ నిలబడినా పక్కన ఊరుంటుంది. అందులో ఎక్కువ భాగం ఎండుకాలంలో ఆకు రాల్చేసే చెట్లూ ముళ్ళతుప్పలూ.

ఇప్పుడు ఆ ఒంటి లెక్క చూడండి. పెద్ద ఏనుగు రోజుకు సుమారు నూటయాభై కిలోల మేత తింటుంది, వంద లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది. అది నెమరు వేయదు. మేత పులిసేది కడుపులో కాదు, పేగు చివర. తిన్నదాంట్లో సగం కూడా ఒంటబట్టదు, మిగతాది పేడలో పోతుంది. అందుకే రోజులో పదహారు గంటల పైన తింటూనే ఉండాలి. పదిహేను ఏనుగుల మందకు రోజుకు రెండు టన్నుల పైన మేతన్నమాట. పుంగనూరు ఆవు ఐదారు కిలోల చొప్పతో గడిపే నేలమీద ఇది. అడవిలో వెదురు అయిపోతుంది, చెరువు ఎండుతుంది, అంచున చెరుకు తోట కనిపిస్తుంది. గడ్డితో పోలిస్తే రాగిలో, వరిలో మాంసకృత్తులూ ఉప్పూ ఎక్కువ. ఏనుగుకు అది నాలుకతోనే తెలుస్తుంది. ఇక వేసవిలో మామిడి, పనస వాసనలు చెప్పక్కర్లేదు.

పంటమీద పడేది మంద కంటే ఎక్కువగా మగ ఏనుగు. సత్యమంగలం, బిళిగిరి రంగన కొండల వైపు రామన్ సుకుమార్ 1980ల్లో చేసిన పరిశోధనలో తేలిన ముఖ్య విషయమిదే. పిల్లలున్న ఆడ ఏనుగు టపాకాయలకూ మంటలకూ ఎదురెళ్ళదు, పిల్లకు ప్రమాదమని వెనక్కి తగ్గుతుంది. పన్నెండు, పదిహేనేళ్ళకు మంద వదిలిన మగదానికి ఆ బాధ్యత లేదు. ఎంత బాగా తింటే అంత పెద్ద ఒళ్ళు, మదమెక్కినప్పుడు అంత గెలుపు. ప్రమాదానికి తెగించడం దానికి గిట్టుబాటే. పేపర్లో ‘ఒంటరి ఏనుగు బీభత్సం’ అని వచ్చేది దాదాపు ఎప్పుడూ మగదాని గురించే. ఇక్కడి రైతులు చెప్పే మాట ఒకటుంది: తినేది కొంచెం, తొక్కేది ఎక్కువ. డ్రిప్పు పైపులు, మోటారు స్టార్టరు డబ్బా, టమోటా కట్టెలు, ఇవన్నీ తొక్కేదాని కింద లెక్క. ఏనుగును వినాయకుడని దండం పెట్టే చేతులతోనే రాత్రి మంచెమీద డప్పు కొట్టాల్సి రావడం ఆ రైతు బాధ. డప్పుకు బెదరక అది మీదికొస్తే ప్రాణాలే పోతున్నాయి.

కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. వానకు కట్ట జారిన చోట కందకంలోకి దిగి అవతలికెక్కడం ఏనుగుకు కష్టం కాదు. కంచె సంగతి ఇంకా ముచ్చట. దంతానికి కరెంటు తగలదు. ఒకసారి షాక్ తిన్న మగ ఏనుగు తొండం వెనక్కి మడిచి, దంతాలతో తీగను నొక్కి తెంపుతుంది. లేదా ఎండు చెట్టును విరిచి కంచెమీద పడేసి దాటుతుంది. ఆ సంగతి దానికెవరు చెప్పారో!

తరిమేటప్పుడు జరిగేది కూడా చూడాల్సిందే. ట్రాకర్లు టపాకాయలు కాల్చితే మంద రెండు మూడు ముక్కలై చెల్లాచెదురవుతుంది. గంట తర్వాత, ఒక్క కూత కూడా వినబడకుండానే, అవతలి గుట్ట వెనక మళ్ళీ అన్నీ ఒకచోట చేరి ఉంటాయి. అమెరికాలోని పోర్ట్‌లండ్ జూలో 1984లో పరిశోధకురాలు కేటీ పేన్ ఏనుగుల బోను దగ్గర నిలబడినప్పుడు, చప్పుడేమీ లేకుండానే గాలిలో ఏదో అదురుతున్నట్టు ఒంటికి తెలిసింది. రికార్డు చేసి చూస్తే, మనిషి చెవికందనంత మంద్రస్థాయిలో అవి మాట్లాడుకుంటున్నాయి. ఆ సంగతి లోకానికి తెలిసింది కూడా 1986లోనే. ఆ మంద్రస్వరం చెట్లూ గుట్టలూ దాటి కిలోమీటర్ల దూరం పోతుంది. మనం టపాకాయ కాల్చి మంద విడిపోయిందనుకుంటాం. అవి మాట తెంచుకోవు.

2025 మేలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది. మొండికేసిన మగ ఏనుగును అడవిలోకి మళ్ళించడంలో కుంకీకి సాటి లేదు, మావటి మాట వినే పెద్ద దంతపు ఏనుగు ఎదురొస్తే అడవిదానికి లెక్క మారుతుంది. కానీ కుంకీ దాన్ని అడవిలోకి తోలగలదు గానీ, అడవిలో మేత పెట్టలేదు.

నలభై ఏళ్ళయినా మన వార్తల్లో వీటిని ‘వలస ఏనుగులు’ అనే రాస్తున్నాం. ఆడ ఏనుగు ఇరవై రెండు నెలలు మోసి కంటుంది, నాలుగైదేళ్ళకొకసారి. కౌండిన్యలో పుట్టిన గున్నలు పెరిగి మళ్ళీ పిల్లల్ని కన్నాయి, కొన్ని శేషాచలం వైపు చామల, తలకోన దాకా పాకాయి. మందను నడిపేది వయసు మీరిన ఆడది, తాను చిన్నప్పటి నుంచీ తిరిగిన నీటి చోట్లను గుర్తుపెట్టుకుని. ఇక్కడ పుట్టిన ఏనుగు మనసులో ఉన్న చెరువులన్నీ పలమనేరు, కుప్పం చెరువులే. హోసూరుకు తోలేస్తే పోతాయన్న ఆశ వదులుకోవడం మంచిది.

చేయాల్సింది కూడా అందరికీ తెలిసినదే. అడవి లోపల గుంతలకు వేసవిలో నీళ్ళు, వెదురు, మేతచెట్లు. తొక్కిన పంటకు అదే పంటకాలంలో పరిహారం, ఏడాది తిప్పించుకున్నాక కాదు. పొలం చుట్టూ దొంగ కరెంటు తీగ లాగడం మాత్రం మానాలి. దానికి ఏనుగులు చస్తున్నాయి, చీకట్లో నీళ్ళు కట్టను పోయిన మనుషులూ చస్తున్నారు. ఏనుగులు దిగినాయని తెలియగానే తీగ కాదు, ఫారెస్టు వాళ్ళకు ఫోను. ఆ ఫోను ఎత్తే మనిషిని రాత్రిళ్ళు కూడా ఉంచడం ప్రభుత్వం పని.